జాడీ చిన్నదైన సంవత్సరం

మా బాబాయి రంగుల కొట్లో పనిచేసేవాడు. గోడలకు వేసే రంగులు కలపడం ఆయన పని. ఇప్పుడా పనికి మిషన్ వచ్చింది, నంబరు నొక్కితే డబ్బాలో చుక్కలు వాటంతటవే పడతాయి. మిషన్ రాకముందు ఆ పనంతా బాబాయి కళ్ళతోనే నడిచింది. ఎవరో ఒకరు పాత గది గోడ నుంచి గోరంత పెచ్చు ఊడదీసి కాగితంలో చుట్టి తెచ్చేవారు. బాబాయి దాన్ని గుమ్మం దగ్గర వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది వేసిన కొత్తలో ఇంత పాలిపోయి ఉండదు. మీకు అప్పటి రంగు కావాలా, ఇప్పటి రంగు కావాలా?" అని అడిగేవాడు. చాలామంది ఆ పెచ్చుని మళ్ళీ చేతిలోకి తీసుకుని చూసేవారు.

ఆయన గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండేది. భోజనం వడ్డిస్తూ పిన్ని ఆ చేతులు చూసి, "ఈవేళ ఎవరి వంటగది పచ్చబడిందో" అని నవ్వేది.

నాకు నిష్పత్తులు నేర్పింది బడి కాదు, బాబాయే. లెక్కల పుస్తకం తెరిస్తే చాలు, ఏదో వంక పెట్టి లేచిపోయేదాన్ని. సెలవుల్లో కొట్టుకెళ్ళి కూర్చుంటే ఆయన పని చేసుకుంటూనే, "నీలం ఒక పాలు, తెలుపు ఏడు పాళ్ళు. తెలుపు తగ్గిస్తే ఏమవుతుంది తల్లీ?" అనేవాడు.

"ముదురవుతుంది."

"అది పిల్లిపిల్ల కూడా చెబుతుంది. ఎంత ముదురవుతుందో చెప్పు."

అలా నేర్చుకున్న లెక్కలతోనే ముందుకెళ్ళి, ఇవాళ ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగంలో ఉన్నాను. ఆ సంగతి ఎత్తితే మాత్రం, "నేను డబ్బాలు కలుపుకున్నాను, నువ్వు కూర్చుని విన్నావు. అందులో నా గొప్పేముంది?" అని కొట్టిపారేస్తాడు.

కొట్లో చుక్క తేడా రానివ్వని ఈ మనిషి ఇంట్లో మాత్రం ఒక్క విషయంలో కొలతల జోలికి పోయేవాడు కాదు. ఏటా తమ పెళ్ళిరోజుకి స్నేహితుల్ని మధ్యాహ్నం భోజనానికి పిలిచేవాడు. ఆ రోజుకి సొంతంగా ఒక పానీయం కలిపేవాడు. రెండు లీటరు సీసాల రమ్ము, అందులో రాత్రంతా నానబెట్టిన నారింజ తొక్కలు, దాల్చినచెక్క, మర్నాడు పైనుంచి దానిమ్మ రసం, ద్రాక్ష రసం, కాస్త నిమ్మ, పంచదార. దానికి పేరు లేదు. అందరూ ఎర్ర షర్బత్ అనేవారు. మూలనున్న స్టీలు డ్రమ్ములో రమ్ము ముందు పోసి, రసం అంచుదాకా నింపి మూత పెట్టేసేవాడు. కింద కుళాయి తిప్పితే గ్లాసులోకి పడేది. షుగరు వచ్చిన దగ్గర్నుంచి బాబాయి తాగడం మానేశాడు. చెంచాతో రుచి చూసి, "ఇంకో నిమ్మకాయ" అనో, "చాల్లే" అనో చెప్పేవాడు, అంతే.

ఆ విందుకి తప్పకుండా వచ్చే మనిషి హారన్ మావయ్య. బాబాయికి చిన్నప్పటి స్నేహితుడు, సిటీ బస్సు డ్రైవరు. బస్సు హారను అవసరం లేకుండా ఎంత దూరంలో ఉన్నవాణ్ణయినా గొంతుతోనే పక్కకి తప్పించగలడని ఆ పేరు పెట్టారు. ఆ పేరు పెట్టినవాళ్ళలో మొదటివాడు బాబాయి. మావయ్యకి ఉద్యోగంలో ఒక నియమం ఉండేది. మర్నాడు డ్యూటీ ఉంటే మందు జోలికి పోడు. మా ఇంటి ఎర్ర షర్బత్ ఒక్కటే మినహాయింపు. మధ్యాహ్నం మూడు గ్లాసులు తాగి, సాయంత్రం ఇంటికెళ్ళి పడుకుని, తెల్లారి డిపోలో ఊదుడు మిషన్‌లో ఊదితే ఏటా సున్నాయే వచ్చేది. ఆ కొలత ఆయనకి అనుభవంతో తెలుసు. తప్పేమీ లేదు, ఆ డ్రమ్ము ఉన్నంతకాలం.

ఆ ఏడు డ్రమ్ము అడుగున చిల్లు పడింది. పిన్ని బజారుకెళ్ళి కుళాయి ఉన్న గాజు జాడీ తెచ్చింది. పొడుగ్గా, నడుము సన్నగా, చెక్క పీట మీద నిలబెడితే చూడముచ్చటగా ఉంది.

"డ్రమ్మంత ఎత్తుంది కదండీ, సరిపోతుంది" అంది పిన్ని.

"సరిపోకేం" అన్నాడు బాబాయి, ఎప్పటిలాగే రమ్ము ముందు పోసి, రసం అంచుదాకా నింపాడు.

విందు అదిరిపోయింది. వచ్చినవాళ్ళంతా జాడీ చుట్టూ చేరి, "ఈసారి రంగు చూడండయ్యా, కెంపులా ఉంది" అన్నారు. రంగుల మనిషికి అంతకంటే పొగడ్త ఏముంటుంది? బాబాయి మురిసిపోయాడు. తీపీ పులుపూ బాగా కుదరడంతో గొంతులో ఎక్కడా మంట తెలియలేదు. పక్కింటి దంతవైద్యుడు పాటలు పాడాడు. హారన్ మావయ్య మూడో గ్లాసు అయ్యాక దివాన్ మీద ఒరిగి, కుక్కర్ విజిల్ వేసినట్టు గురక పెట్టాడు. మేమంతా చుట్టూ నిలబడి నవ్వాం. పొద్దువాలాక లేచి, ముఖం కడుక్కుని, భార్యతో, అంటే మా అత్తయ్యతో కలిసి నడిచి ఇంటికెళ్ళాడు.

మర్నాటి సంగతి మాకు వెంటనే తెలియలేదు. వారం గడిచాక అత్తయ్య రంగుల కొట్టుకి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను, మా ఇంటి గేటుకి రంగు తీసుకుందామని వెళ్ళాను. ఆవిడ కౌంటరు ముందు నిలబడి, ఎదురుగా ఉన్న బ్రష్షుల కట్ట సర్దుతూ మెల్లగా అంది.

"అన్నయ్యా, ఆయన్ని సస్పెండ్ చేశారు."

"ఎవర్ని?" అన్నాడు బాబాయి, అర్థమైనా.

"మీ విందైన మర్నాడు పొద్దున్న డిపోలో మిషన్ కూత పెట్టిందట. ఎక్కడ తాగావని అడిగితే చెప్పలేదు. మీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. రిటైర్మెంటుకి రెండేళ్ళు కూడా లేవన్నయ్యా. ఇంట్లో కూర్చుని గోడకేసి చూస్తున్నారు. అది చూడలేక వచ్చాను."

"నా జాడీలో అంతెక్కడుందమ్మా? పిల్లలు తాగే రసంలో కాస్త వాసన, అంతే కదా. వాడు తర్వాత ఇంకెక్కడైనా..." అని ఆగిపోయాడు బాబాయి. ఆవిడ కళ్ళెత్తి చూసింది.

ఆ సాయంత్రం కొట్టు కట్టేశాక నన్ను వెంటబెట్టుకుని ఇంటికెళ్ళాడు. ఫ్రిజ్‌లో ఒక సీసాలో మిగిలిన ఎర్ర షర్బత్ ఉంది. దాన్ని గరిటెలో పోసి, అగ్గిపుల్ల గీసి దగ్గర పెట్టాడు. పుల్ల వేలిదాకా కాలింది గానీ షర్బత్ అంటుకోలేదు.

"చూశావా? గట్టి సరుకైతే భగ్గుమనేది. ఇందులో ఏమీ లేదు" అన్నాడు. గొంతులో మాత్రం ధీమా లేదు.

"చల్లటి షర్బత్‌తో అది తేలదు బాబాయ్. రమ్ములో సగం బలమున్నా ఇలాగే అంటుకోదు" అన్నాను.

"మీ ల్యాబులో బలం చూపించే తేలుడు గొట్టాలుంటాయి కదా, ఒకటి ఇందులో వేసి చెప్పు."

"ఇందులో పంచదార, పళ్ళరసం ఉన్నాయి. గొట్టం వాటిని కూడా లెక్కలో వేసుకుని తప్పు చెబుతుంది. గొట్టం ఎందుకు? మీరు ఏమేం పోశారో మీకు తెలుసు కదా. రంగు కలిపినట్టే."

ఆ మాటకి ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"రమ్ము సీసా మీద ఎంతని రాసుంది?"

"నలభై శాతం."

"రెండు లీటర్లు పోశారు. అందులో అసలు ఆల్కహాల్ ఎంత?"

"ఎనిమిది వందల మిల్లీలీటర్లు." లెక్కలో ఆయన తడబడడు.

"ఆ ఎనిమిది వందలూ రసం పోసినంత మాత్రాన ఎక్కడికీ పోవు. పలచగా పరుచుకుంటాయి, అంతే. ఇప్పుడు మొత్తం ఎన్ని లీటర్లైందో తెలిస్తే చాలు."

"ఎనిమిది లీటర్ల డ్రమ్ము కదా, ఎప్పుడూ అంతే. నూటికి పది పాళ్ళు. చెప్పానా, పెద్దగా ఏం లేదని!"

వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న పిన్ని అప్పుడు నోరు తెరిచింది. "ఏవండీ, ఆ రోజు రసం డబ్బాలు సగానికి పైగా మిగిలిపోయాయి. మీరే ఎక్కువ తెచ్చేశారేమో అనుకుని పక్కవాళ్ళకి పంచిపెట్టాను."

బాబాయి లేచి, కొట్టు సంచిలోంచి లీటరు కొలత డబ్బా తీశాడు. గాజు జాడీని సింకు పక్కన పెట్టి నీళ్ళు కొలిచి పోయడం మొదలుపెట్టాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగోది పోసేసరికి నీళ్ళు అంచుకి వచ్చి, గట్టు మీదకి ఒలికాయి. ఇంకోటి పోయబోయి ఆగిపోయాడు.

స్టీలు డ్రమ్ములో లోపలేముందో బయటికి కనబడేది కాదు. రమ్ము ఎంతవరకు వచ్చిందో, రసం ఎంత పట్టిందో ఆయన ఏనాడూ చూడలేదు. అంచుదాకా నింపడం ఒక్కటే తెలుసు. జాడీ ఎత్తులో డ్రమ్ముకి సమానమే గానీ, నడుము సన్నం.

"అదే రంగు, తెలుపు మూడో వంతుకి పడిపోయింది" అన్నాడు చివరికి. "ఇరవై పాళ్ళు. రెండింతలు ముదురు. రసం తగ్గి తేటబడితేనే అందరూ కెంపులా ఉందన్నారు. నా కళ్ళ ముందే కనబడింది తల్లీ, నేను పొగడ్త అనుకున్నాను."

నేను విందులో వాడిన పొడుగు గ్లాసు తీసి నీళ్ళు కొలిచాను. మూడు వందల మిల్లీలీటర్లు. ఒక్కో గ్లాసులో అరవై మిల్లీలీటర్ల అసలు ఆల్కహాల్. అంటే రమ్ముగా నూట యాభై. మూడు గ్లాసులంటే దాదాపు అర సీసా.

"ఐసు వేశాం కదా?" అన్నాడు బాబాయి, ఆఖరి ఆశగా.

"ఐసు కరిగితే పలచబడుతుంది గానీ లోపలికెళ్ళేది తగ్గదు కదా. గ్లాసులో ఐసు ఆక్రమించిన మేరకే పోసింది తగ్గుతుంది, అంతే."

"ఆ అన్నయ్యగారు ఐసు వేసుకోరు. పళ్ళు జివ్వుమంటాయని" అంది పిన్ని మెల్లగా.

"మరి రాత్రంతా పడుకున్నాడు కదా తల్లీ?"

"శరీరం దాన్ని గంటకి ఇంతని నెమ్మదిగానే వదిలించుకుంటుంది బాబాయ్. నిద్రపోయినా, స్నానం చేసినా, కాఫీ తాగినా తొందరపడదు. పాత లెక్కకైతే తెల్లారేసరికి శుభ్రంగా పోయేది. దీనికి రెట్టింపు సమయం కావాలి. తెల్లారేసరికి ఇంకా మిగిలే ఉంటుంది."

బాబాయి ఫోను తీసుకున్నాడు. ఆ రోజు విందుకి వచ్చిన ఒక్కొక్కరికీ ఫోను చేసి ఒకే ప్రశ్న అడిగాడు. "ఆ రోజు ఇంటికి ఎలా వెళ్ళారు?" ఒకాయన నడిచి వెళ్ళానన్నాడు. ఒకామెని కూతురు వచ్చి తీసుకెళ్ళిందట. దంతవైద్యుడిది పక్కిల్లే, అయినా తాళం తిప్పలేక భార్యని లేపానని నవ్వాడు. చివరి ఆయన, "బండి మీదే వెళ్ళా గురూ. ఎలా వెళ్ళానో నాకే తెలీదు. మా ఆవిడని వెనక ఎక్కించుకున్నానంట!" అని పకపకా నవ్వాడు. బాబాయి నవ్వలేదు. ఆ రోజు పోసిన దాని బలం ఎంతో ఆయనకి చెప్పాడు. అవతల నవ్వు ఆగిపోయింది. ఫోను బల్ల మీద బోర్లించి పెట్టాడు. పిన్ని వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "ఎవరికీ ఏమీ కాలేదండీ" అని, కాస్త ఆగి, "ఏమీ కాలేదు" అని మళ్ళీ అంది. దేవుడికి చెప్పుకున్నట్టుంది ఆ రెండో మాట.

మర్నాడు ఇద్దరం హారన్ మావయ్య ఇంటికి వెళ్ళాం. మావయ్య లుంగీలో బాల్కనీలో కూర్చుని కింద వెళ్ళే బస్సుల్ని చూస్తున్నాడు. బాబాయిని చూడగానే అత్తయ్య వైపు ఓ చూపు చూశాడు. ఆవిడ లోపలికి తప్పుకుంది.

"ఒరేయ్, నువ్వు తాగింది పళ్ళరసం కాదురా. అర సీసా రమ్ము. నేనే పోశాను" అన్నాడు బాబాయి నిలబడే. జాడీ సంగతి, లెక్క సంగతి మొత్తం చెప్పాడు. "నన్ను నాలుగు తిట్టరా. ఊరంతా వినబడేలా తిట్టు."

మావయ్య తిట్టలేదు. ఆ గొంతు అంత నెమ్మదిగా మాట్లాడగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

"కూర్చో ముందు. ఆ పొద్దున్న మిషన్ కూత పెట్టినప్పుడు దాన్ని నేలకేసి కొట్టాలనిపించింది. చెడిపోయిందనుకున్నా. నాకు తల తిరగట్లేదు, కాళ్ళు తేలట్లేదు, బాగానే ఉన్నా కదా అనుకున్నా. బాగానే ఉన్నా అనుకున్నాను చూడు, ఇప్పుడు తలుచుకుంటే అక్కడే భయమేస్తోంది. నా మొదటి ట్రిప్పులో ఎవరెక్కుతారో తెలుసా నీకు? బుట్టలేసుకుని మార్కెట్‌కెళ్ళే ఆడవాళ్ళు. కిడ్నీలకి డయాలసిస్ చేయించుకోడానికి ఆసుపత్రికెళ్ళే పెద్దాయన, నేను సీటు ఆపి ఉంచుతా ఆయనకి. ఈత నేర్చుకోడానికెళ్ళే పిల్లలు, నిద్ర మొహాలతో నా వెనక సీట్లోనే తూగుతుంటారు. వాళ్ళందర్నీ ఎక్కించుకుని వెళ్ళిపోయేవాణ్ణి రా నేను, బాగానే ఉన్నాననుకుని. ఆ మిషన్‌కి దణ్ణం పెట్టాలి."

"మరి ఎక్కడ తాగావో ఎందుకు చెప్పలేదు?"

"నీ పేరు చెబితే తాగింది నేను కాకుండా పోతానా?"

బాబాయి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత మావయ్యే, "అర సీసానా! అందుకేరా, కలలో బస్సు నన్ను నడిపింది" అన్నాడు. అప్పుడు నవ్వాడు బాబాయి, కళ్ళు తుడుచుకుంటూ.

మావయ్య వద్దంటున్నా వినకుండా బాబాయి డిపోకి వెళ్ళాడు. నన్నూ రమ్మన్నాడు. డిపో మేనేజరు యాభై దాటిన ఆవిడ. టేబులు మీద చల్లారిన టీ, వెనక గోడ నిండా రూట్ల పటం. బాబాయి చెప్పింది మధ్యలో ఆపకుండా విన్నది. నన్ను లెక్క మళ్ళీ ఒకసారి నెమ్మదిగా చెప్పమంది.

"లెక్క సరిగ్గానే ఉంది" అంది చివరికి. "కానీ ఒకటి చెప్పనివ్వండి. మీ లెక్క మిషన్ రీడింగుని మార్చదు. తెలిసి తాగినా, తెలియక తాగినా ఆ రోజు ఆయన చక్రం పట్టుకోకూడదు. ఆ విషయంలో నేను మీ మాట వినను."

"వినొద్దు మేడమ్" అన్నాడు బాబాయి. "ఆ రోజు ఆపినందుకు మీకు దణ్ణం పెట్టడానికే సగం వచ్చాను. మిగతా సగం, వాడు అబద్ధాలకోరు కాదని చెప్పడానికి."

ఆవిడ ముఖం కొంచెం మెత్తబడింది. "ఆయన ఏమీ చెప్పకపోవడమే నాకు ఇబ్బందైంది. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క మచ్చ లేదు, ఒక్కసారిగా ఇదేంటని. విచారణలో మీరు ఈ మాట చెబుతారా?"

"ఎన్నిసార్లయినా చెబుతాను."

విచారణ జరిగింది. శిక్ష పూర్తిగా తప్పలేదు. కొన్నాళ్ళు బస్సు ఇవ్వకుండా గ్యారేజీలో కూర్చోబెట్టారు. తర్వాత మావయ్యకి మళ్ళీ తన రూటే ఇచ్చారు. మేనేజరు ఇంకో పని కూడా అప్పజెప్పింది. కొత్త డ్రైవర్లు చేరినప్పుడల్లా వాళ్ళ ముందు నిలబడి తన కథ చెప్పాలి. మొదట్లో మావయ్యకి తల కొట్టేసినట్టుండేదట. తర్వాత అదో ఇష్టమైన పనైపోయింది. మైకు కూడా అక్కర్లేదు కదా. "బాబూ, ఎవరైనా గ్లాసు ఇస్తే, ఇందులో ఎంతుందని అడగండి. చెప్పలేకపోతే పళ్ళరసమైనా సరే ముట్టుకోకండి" అని ముగించేవాడట.

మా ఇంట్లోనూ పద్ధతి మారింది. బాబాయి పెళ్ళిరోజు విందు మానలేదు. రంగు డబ్బాలకి అతికించే తెల్ల చీటీ మీద ఇప్పుడు పెద్ద అక్షరాలతో రాసి జాడీకి అతికిస్తాడు. 'నూటికి ఎనిమిది పాళ్ళు. ఒక గ్లాసు అరవై మిల్లీలీటర్ల రమ్ముతో సమానం. బండి తాళాలు మా ఆవిడకి ఇవ్వండి.' పిన్ని నిజంగానే గుమ్మంలో పళ్ళెం పట్టుకుని నిలబడుతుంది. మందు లేని జాడీ ఇంకోటి పక్కనే ఉంటుంది. మొదటి ఏడు నవ్వినవాళ్ళే మరుసటి ఏడు తాళాలు వాళ్ళంతట వాళ్ళే పళ్ళెంలో వేశారు.

అంతకుముందు బాబాయి నోటి వెంట 'థాంక్స్' అనే మాట పెద్దగా వచ్చేది కాదు. అన్నీ అవే జరుగుతాయనుకునే మనిషి. ఆ ఏడు నుంచి చిన్న విషయాలకి కూడా ఆగి మరీ చెబుతున్నాడు. కొట్లో రంగు మిషన్ బాగు చేయడానికొచ్చిన మెకానిక్‌కి, వీధి మలుపులో స్పీడు బ్రేకరు వేసిన కూలీలకి. ఒకసారి నాకూ చెప్పాడు. "ఆ రోజు నువ్వు 'ఫర్వాలేదులే బాబాయ్' అని ఊరుకోబెట్టకుండా లెక్క చెయ్యమన్నావు. దానికి తల్లీ" అన్నాడు.

హారన్ మావయ్య రిటైరయ్యే రోజు మొదటి ట్రిప్పులో బాబాయి, పిన్ని, నేను ముగ్గురం ఎక్కాం. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. బుట్టలతో ఆడవాళ్ళు ఎక్కారు. మావయ్య ఆపి ఉంచిన సీట్లో ఒక పెద్దాయన కూర్చుని ఊపిరి పీల్చుకున్నాడు. ఈత సంచులతో ముగ్గురు పిల్లలు డ్రైవరు వెనక సీట్లో ఇరుక్కుని కూర్చుని, రెండు స్టాపులు దాటకముందే ఒకరి మీద ఒకరు వాలిపోయారు. బాబాయి దారి పొడుగునా కిటికీలోంచి బయటికి చూడలేదు. ఎక్కేవాళ్ళనీ, దిగేవాళ్ళనీ ఒక్కొక్కర్నే చూస్తూ కూర్చున్నాడు. పెద్దాయన ఆసుపత్రి స్టాపులో లేవబోతే తానే వెళ్ళి చెయ్యి అందించాడు.

ఆయన మెల్లగా దిగుతూ, "మీరెవరు బాబూ, రోజూ కనబడరే?" అని అడిగాడు.

"డ్రైవరు స్నేహితుణ్ణండీ" అన్నాడు బాబాయి. "జాగ్రత్తగా వెళ్ళిరండి."